దుప్పట్ల గదిలో చీటీల పెట్టె

ఆ పుస్తకం సంగతి మేనేజరుకు చెప్పింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి చదివేవాళ్లను ఊరించడం నాకు చేతకాదు, అంత ఓపికా లేదు.

నేను ఆసుపత్రిలో వార్డు బాయ్‌ని. తల ముప్పాతిక నెరిసింది, పై వరసలో రెండు పళ్లు ఊడాయి, అయినా బాయ్‌నే. ఇరవై మూడేళ్లుగా పాత భవనం రెండో అంతస్తులో, ఊపిరితిత్తుల వార్డులో పని. ముప్పై రెండు మంచాలు, ముప్పై రెండు దగ్గులు. ఏ దగ్గు ఏ మంచానిదో కళ్లు మూసుకుని చెప్పగలను. కొత్త భవనంలో గోడలోంచే ఆక్సిజన్ వస్తుందట. మాకు ఆ భోగం లేదు. మావి నిలువెత్తు ఇనప సిలిండర్లు. కింద షెడ్డులోంచి లిఫ్టులో పైకి తెచ్చి, వరండాలో వరసగా నిలబెట్టి, అడిగినప్పుడు మంచం పక్కకు తోసుకెళ్లాలి. నిండుదీ ఖాళీదీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. అంత ఇనుములో గాలి బరువెంతని? సాయంత్రానికి నడుం విరిగాక అసలే తెలియదు.

వార్డుకు హెడ్ సిస్టరు ఒకావిడ ఉండేది. అందరూ పెద్దక్క అనేవాళ్లు. మనిషి పొట్టి. రబ్బరు చెప్పులు. జేబులో పెన్ను ఎవరూ ఎత్తుకుపోకుండా గాజుగుడ్డ పీలికతో బొత్తానికి కట్టేసుకునేది. నాకంటే రెండేళ్లు చిన్నదే అయినా నేనూ అక్కా అనే పిలిచేవాణ్ని. ఆవిడ నన్ను ఏమయ్యా అనేది. మిగతా సిస్టర్లు నాకు చిటపట అని పేరు పెట్టారు. ఎదురుగా అన్నా అనేవాళ్లు, వెనకాల చిటపట. తర్వాత రెండూ కలిపి చిటపట అన్న అయింది.

ఆవిడ పని చేయించే పద్ధతి వేరే ఎక్కడా చూడలేదు. ఒకరోజు పెద్ద డాక్టరు రౌండ్సులో ఒక సిస్టరు మీద విరుచుకుపడ్డాడు. అందరి ముందూ, ఆ పిల్ల ముఖం మాడిపోయేలా. పెద్దక్క మందుల ట్రే పట్టుకుని వచ్చి ఇద్దరి మధ్యలో నిలబడింది. ఆవిడ తల ఆయన గుండెల దాకా కూడా రాదు.

"డాక్టరు గారూ, అరిచేదుంటే నా మీద అరవండి. ఈ పిల్ల ఇంకా పదకొండు మందికి సూదులు వెయ్యాలి. చెయ్యి వణక్కూడదు."

ఆయన అరవలేదు. ఆవిడ మీద అరవడానికి ఏమీ దొరకలేదనుకుంటా. పక్క మంచం చార్టు తీసుకుని చదువుతున్నట్టు నటించాడు. తలకిందులుగా పట్టుకుని.

ఎవరైనా పేషెంటు పోతే, ఆ మంచం చూసుకునే సిస్టర్ని దుప్పట్ల గదిలోకి పంపేది. "పో, పది నిమిషాలు కూచో. నీ మంచాలు నేను చూస్తా" అనేది. ఉతికిన దుప్పట్ల మూటల మీద కూర్చుని ఏడ్చేవాళ్లు ఏడ్చేవాళ్లు, ఊరికే గోడ చూసేవాళ్లు చూసేవాళ్లు. సరిగ్గా పది నిమిషాలు. పదకొండో నిమిషంలో తలుపు తట్టేది.

ఆ గదిలోనే పెట్టె ఉండేది. చేతి తొడుగులు వచ్చే అట్టపెట్టె. పైన కత్తితో చీల్చిన సందు. ఎవరి చేతిలో ఏ పొరపాటు జరిగినా ముందు డాక్టరుకు చెప్పి పేషెంటుకు చెయ్యాల్సింది చెయ్యాలి. ఆ తర్వాత అది ఎలా జరిగిందో చీటీ మీద రాసి పెట్టెలో వెయ్యాలి. పేరు రాయకూడదు. సోమవారం పొద్దున డ్యూటీ మారే వేళ, వచ్చేవాళ్లూ వెళ్లేవాళ్లూ అందరం ఆ గదిలో నిలబడేవాళ్లం. ఆవిడ ఒక చీటీ తీసి చదివి, ఒకే మాట అడిగేది.

"రేపు ఇలా జరక్కుండా ఏం చేద్దాం?"

ఎవరు చేశారని ఎప్పుడూ అడగలేదు. చదివిన చీటీని తలుపు వెనకాల గుచ్చి పెట్టేది.

నాదీ ఒక చీటీ ఉంది. ఒక మధ్యాహ్నం నడుం నొప్పిగా ఉందని ఖాళీ సిలిండర్ని తిరిగి షెడ్డుకు తీసుకుపోకుండా నిండువాటి వరసలో నిలబెట్టి వెళ్లి టీ తాగాను. తర్వాత సర్దుదామనుకుని మరిచిపోయాను. సాయంత్రం ఎవరో దాన్నే ఒక ముసలాయనకు పెట్టారు. మీటరు ముల్లు కదల్లేదు. పక్క మంచం సిలిండరు లాక్కొచ్చి బిగించేసరికి ఆయన పెదాలు నల్లబడ్డాయి. బతికాడు. నేను పెద్ద డాక్టరు దగ్గరికెళ్లి నాదే తప్పని చెప్పి తిట్లు తిన్నాను. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని చీటీ రాశాను. నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత మా నాన్న మంచం పట్టాడు, నేను మూటలు మోశాను. నా అక్షరాలు ఒకటి నిలబడితే ఒకటి పడుకుంటుంది.

సోమవారం పెద్దక్క చదివింది. బాగానే ఉంది. తలుపు వెనకాల గుచ్చింది. మర్నాడు దాన్ని తొంగి చూసిన ఒక సీనియరు సిస్టరు పకపకా నవ్వింది. ఈవిడ దేనికైనా నవ్వుతుంది, అందుకే మేం నవ్వుల సిస్టరు అంటాం.

"ఇది మన చిటపట అన్న రాతే! ఈ అక్షరం చూడండే, తోక తెగిన బల్లి గోడెక్కుతున్నట్టు లేదూ!"

అందరూ మూగారు. అందరూ నవ్వారు. మనిషి ఊపిరి ఆగేలా చేసినందుకు ఎవరూ ఏమీ అనలేదు. నా అక్షరాలు చూసి నవ్వారు. నేను స్ట్రెచరు అక్కడే వదిలేసి మెట్లు దిగి షెడ్డు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. అరగంట తర్వాత పెద్దక్క దిగి వచ్చింది. చేతిలో నా చీటీ. నా ముందే ముక్కలు ముక్కలుగా చింపి, కాల్చడానికి పంపే చెత్త డబ్బాలో వేసింది.

"ఇక ఎవరి రాతా గోడెక్కదు. పైకి రా, పదో మంచం ఎక్స్‌రేకి వెళ్లాలి" అంది.

తర్వాతి సోమవారానికి నల్ల అట్ట నోటు పుస్తకం ఒకటి తెచ్చింది. పాత చీటీలన్నీ, చింపేసిన నాదాన్ని గుర్తు తెచ్చుకుని, తన చేత్తో అందులో ఎక్కించింది. వరస నంబర్లు వేసింది. నాది పన్నెండు. అప్పట్నుంచి పెట్టెలో పడ్డ ప్రతి చీటీనీ మాట పొల్లు పోకుండా పుస్తకంలో తిరగరాసి, అసలుది కాల్చడానికి పంపేసేది. పుస్తకాన్ని దుప్పట్ల బీరువా పైఅరలో, చిరిగిన దుప్పట్ల కింద పెట్టేది. ఆవిడకు అందదు. సోమవారం అందరూ రాకముందు దించిచ్చేదీ, అందరూ వెళ్లాక పైన పెట్టేదీ నేనే. ఆ చోటు మా ఇద్దరికే తెలుసు.

నా పన్నెండో నంబరు వల్ల ఒక కొత్త పద్ధతి వచ్చింది. షెడ్డులో మీటరు పెట్టి చూశాకే నిండు సిలిండరు మెడకు గాజుగుడ్డ పీలిక కట్టాలి. మంచం దగ్గర సిలిండరు తెరిచేవాళ్లు పీలిక విప్పి జేబులో వేసుకోవాలి. పీలిక లేకపోతే ఖాళీ కిందే లెక్క. అంతే. నాలుగేళ్లలో మళ్లీ అలా జరగలేదు. ఇది ఎవరి తప్పులోంచి పుట్టిందో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. నవ్వుల సిస్టరు కూడా అనలేదు.

ఇంత తెలిసినవాణ్ని ఆవిడ మీద ఎందుకు చెప్పానంటారా? కడుపుమంట.

అటెండర్ల మీద సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అయింది. ఇరవై మూడేళ్ల సర్వీసు, నాకు రాక ఇంకెవరికొస్తుంది అనుకున్నాను. హెడ్ సిస్టర్లు పేర్లు రాసి పంపాలి. ఒక మధ్యాహ్నం పెద్దక్క నన్ను పిలిచి ఎదురుగా నిలబెట్టి చెప్పింది.

"నీ పేరు నేను రాయలేదయ్యా. ఎందుకో చెప్తా విను. మొన్న నేల తుడిచే ఆవిణ్ని పేషెంట్ల ముందు ఏడిపించావు. అంతకు ముందు వారం స్ట్రెచరు తోసే అతన్ని వెధవా అన్నావు. మనుషుల్ని మొయ్యడంలో నీ అంతవాడు లేడు. కానీ నీ కింద పనిచేసేవాళ్లు తప్పు జరిగితే నీకు చెప్పరు, దాచేస్తారు. ఆర్నెల్లు ఆ నోరు కాస్త కట్టేసుకో. వచ్చేసారి నేనే నిన్ను పట్టుకెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెడతా."

ఇవన్నీ ఇప్పుడు గుర్తొస్తున్నాయి. అప్పుడు నా చెవికెక్కింది మొదటి మాట ఒక్కటే. పన్నెండో నంబరు మనసులో పెట్టుకుని నా మీద కక్ష తీర్చుకుంటోంది అనుకున్నాను. ఇంటికెళ్లి మా ఆవిడతో అంటే ఆవిడ కూరలు తరుగుతూ తలెత్తలేదు.

"పోనీలెండి. మీ నోటికి ఆ కుర్చీ కూడా జడిసి పారిపోయేది."

ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాను. రెండు రోజులు పళ్లు కొరుక్కుంటూ తిరిగి, మూడో రోజు మేనేజరు గదికి వెళ్లాను, నా సర్వీసు సంగతి చెప్పుకుందామని. మేనేజరు బక్కపల్చటి మనిషి. ఎప్పుడూ ఏదో ఒక కాగితాన్ని సమంగా మడుస్తూ ఉంటాడు.

"ఏమోయ్, మీ పెద్దక్కే నీ పేరు రాయలేదు కదా, నన్నేం చెయ్యమంటావ్?"

అప్పుడు నోరు జారింది. జారిందని అబద్ధం ఎందుకు, నేనే వదిలాను. "ఆవిడేదో పెద్ద సక్రమంగా ఉన్నట్టు సార్! వార్డులో జరిగే తప్పులన్నీ పుస్తకం రాసి దుప్పట్ల బీరువా పైఅరలో, చిరిగినవాటి కింద దాచిపెట్టుకుంది. ఆ సంగతి మీకు తెలుసా?"

మడుస్తున్న కాగితం ఆగింది.

ఆ వారం మొదట్లోనే పంతొమ్మిదో మంచం ఆయన పోయాడు. మా దగ్గరికి వచ్చేటప్పటికే ఆయన సగం పోయి వచ్చాడు, ఎవరూ చెయ్యగలిగింది లేదు. కొడుకులు ఊరుకోలేదు, పైవాళ్లకు అర్జీ పెట్టారు. పైవాళ్లు మేనేజర్ని పట్టుకున్నారు. ఆయనకు ఎవరిదో ఒకరి తల కావాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆయన బల్ల మీద ఉన్న ఆ అర్జీ పక్కనే నేను ఆ తల తీసుకెళ్లి పెట్టాను.

నేను చెప్పిన రోజు మధ్యాహ్నమే మేనేజరు గుమస్తాను వెంటబెట్టుకుని వార్డుకొచ్చాడు. తిన్నగా దుప్పట్ల గదిలోకి. నేను అక్కడే దుప్పట్లు సర్దుతున్నాను. పెద్దక్క వెనకాలే వచ్చింది.

"ఏమోయ్, పొడుగ్గా ఉన్నావు కదా. ఆ పైఅరలో చిరిగిన దుప్పట్ల కింద పుస్తకం ఉంటుంది. దించు."

చెయ్యి పైకెత్తాను. వేళ్లు అట్టకు తగిలాయి. ఎన్ని సోమవారాలు దించిచ్చానో ఆ చేత్తోనే దించి ఆయన చేతిలో పెట్టాను. పెద్దక్క నా ముఖం వైపు కాదు, చేతుల వైపు చూసింది.

మేనేజరు అక్కడే తిరగేశాడు. "మూడు... ఏడు... పన్నెండు... ముప్పై ఏడు! ముప్పై ఏడు తప్పులు. అన్నీ మీ చేతిరాతే కదా?"

"రాత నాదే సార్."

"తప్పులు?"

"వార్డువి."

"వార్డుకు చేతులుంటాయా సిస్టర్? ప్రతి నంబరు పక్కనా పేరు రాసివ్వండి. మీకే ఇబ్బందీ ఉండదు. గురువారం కమిటీ కూర్చుంటుంది. రాయకపోతే ముప్పై ఏడూ మీవే."

సోమవారం వచ్చింది. దుప్పట్ల గదిలో అందరం నిలబడ్డాం. పుస్తకం లేదు. పెట్టె ఉంది. సిస్టర్లలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఉండేది, చేరి ఏడాదైనా మాకు కొత్తమ్మాయే. ముప్పై ఒకటో నంబరు ఆమెదట. సెలైన్ వేగం సరిగా పెట్టక ఒకాయనకు ఆయాసం వచ్చింది. ఐదు నిమిషాల్లో తానే చూసుకుని డాక్టర్ని పిలిచింది. ఆయన మూడోనాడు నడిచి ఇంటికి వెళ్లాడు. ఆమె ముందే ఏడ్చి వచ్చినట్టుంది, కళ్లు ఉబ్బిపోయాయి.

"ముప్పై ఒకటి నాది. నేనెళ్లి చెప్పేస్తాను."

"నోర్మూసుకో పిల్లా" అంది నవ్వుల సిస్టరు. ఆ రోజు ఆవిడ నవ్వలేదు. "నీది రేపోమాపో పర్మినెంటు అయ్యే ఉద్యోగం. నువ్వు చెబితే మిగతావి ఎవరివని నన్నడుగుతారు. నావి మూడున్నాయి. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే."

"మరి అక్కను ఒక్కదాన్నే వదిలేస్తామా?"

"నేను వదిలేద్దామన్నానా? ఎలాగో చెప్పు మరి!"

పెద్దక్క తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. "ఎవరూ వెళ్లొద్దు" అంది. "పేరు బయటికి రాదని మాటిచ్చి మీ చేత రాయించాను. ఇవాళ ఒక్క పేరు బయటికెళ్తే రేపు ఏ వార్డులోనూ ఎవరూ నోరు విప్పరు. తప్పు జరిగాక దుప్పటి కప్పేసి ఊరుకుంటారు. అప్పుడు పోయేది మన ఉద్యోగాలు కాదు." తలుపు తీసి, "ఏడో మంచానికి పది గంటల ఇంజక్షన్ ఎవరిది? పదండి" అంది.

ఆవిడ మాటకు అందరూ తలలు వంచారు. నాకు తెలుసు, అందులో సగం మర్యాద, సగం హమ్మయ్య. నేను మాత్రం నిర్ణయించుకున్నాను. నాది పర్మినెంటు ఉద్యోగం. నన్ను తీసెయ్యరు, తీసేసినా స్ట్రెచరు కంటే బరువైనవి మోసి బతికినవాణ్నే. నేనొక్కణ్ని వెళ్లి పన్నెండు నాదని చెబితే, మిగతావీ ఆవిడవి కావని వాళ్లకే అర్థమవుతుంది. అలా అనుకున్నాను. ఐదో తరగతి లెక్క.

గురువారం ఉతికిన యూనిఫాం వేసుకుని కమిటీ గది బయట నిలబడ్డాను. పిలవకుండానే లోపలికి వెళ్లాను. మేనేజరు, పెద్ద డాక్టరు, పై ఆఫీసు నుంచి వచ్చిన కళ్లజోడు మేడం. ఒక పక్క కుర్చీలో పెద్దక్క. నన్ను చూసి ఆవిడ కళ్లతోనే వెళ్లిపొమ్మంది. నేను వెళ్లలేదు.

"పన్నెండో నంబరు నాదమ్మా. ఖాళీ సిలిండరు పెట్టింది నేను. పెద్ద డాక్టరు గారికి ఆ రోజే చెప్పాను."

పెద్ద డాక్టరు పైకప్పు వైపు చూశాడు. "నాలుగేళ్ల నాటి మాట. నాకు గుర్తులేదు."

"మీరు రాసిన చీటీ ఏది?" అడిగింది మేడం. గొంతు మెత్తగానే ఉంది.

"కాల్చడానికి పంపేశారమ్మా."

"ఎవరు?"

ఆ ప్రశ్న ఎటు పోతోందో నాకు తట్టలేదు. "పెద్దక్కే. అన్నీ అలాగే..."

మేడం పెన్ను కదిలింది. పెద్దక్క కళ్లు మూసుకుంది.

"ఇక్కడికొచ్చి చెప్పమని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. నా అంతట నేనే వచ్చాను. అసలు ఆ పుస్తకం సంగతి మేనేజరు గారికి చెప్పింది కూడా నేనే. కోపంలో చెప్పాను. తప్పు చేశాను."

మేనేజరు చేతిలో కాగితాన్ని ఇంకో మడత మడిచాడు. "చూడండి మేడం. ఈ పుస్తకం గురించి ఫిర్యాదు చేసింది ఇతనే. పది రోజులు తిరక్కుండా అదే మనిషి వచ్చి ఆవిడ తరఫున తప్పు నాదంటున్నాడు. కిందివాడు, చదువుకోనివాడు. ఆవిడ చేతి కింద పనిచేసేవాడు. ఎంత ఒత్తిడి పెడితే ఇలా వచ్చి నిలబడతాడో మీరే ఆలోచించండి."

"ఒత్తిడా! ఎవరండీ ఒత్తిడి పెట్టింది?" నా గొంతు లేచింది. చిటపట. "మీరు అడ్డగోలుగా..."

"ఏమయ్యా" అంది పెద్దక్క. వార్డులో పిలిచినట్టే, అంతే మెల్లగా. "ఇరవై రెండో మంచం ఆయన్ని స్కానింగుకి తీసుకెళ్లాలి. ఆలస్యమవుతుంది. వెళ్లు."

వెళ్లాను. ఇరవై రెండో మంచం ఆయనకు ఆ రోజు స్కానింగు లేదు.

పది రోజులకు కాగితం వచ్చింది. దాంట్లో రెండు కారణాలున్నాయి. ఒకటి, జరిగిన పొరపాట్లు పైవాళ్లకు తెలపకపోవడం. రెండోది, ఆధారాలు కాల్చేసి, కిందిస్థాయి ఉద్యోగి చేత తప్పుడు సాక్ష్యం చెప్పించడం. మొదటిదానికి మందలించి వదిలేసేవాళ్లేనట, గుమస్తా చెప్పాడు. రెండోదానికే వార్డులోంచి తీసేసి ఆసుపత్రి వెనకాల చాకిరేవులో, ఉతికిన బట్టలు లెక్కపెట్టే పనికి వేశారు. ఆ రెండోది పూర్తిగా నా చలవ.

వెళ్లేరోజు ఆవిడ తన పెన్నుకు కట్టిన పీలిక విప్పి, పెన్ను కొత్తమ్మాయి జేబులో పెట్టి వెళ్లింది. నాకేం చెప్పలేదు. నేనూ ఎదురు పడలేదు, నీళ్ల గది తలుపు వెనక నిలబడి చూశాను.

కొత్త హెడ్ సిస్టరు వచ్చింది. చెడ్డ మనిషేం కాదు, భయం మనిషి. పెట్టె తీసేయించింది. సోమవారాలు ఆగిపోయాయి. ఎవరైనా పోతే "పది నిమిషాలు కూచో" అనేవాళ్లు లేరు. సిస్టర్లు ఒకరి వెనక ఒకరు మాట్లాడుకోవడం మొదలైంది. నీ డ్యూటీలోనే, కాదు నీ డ్యూటీలోనే. ఇన్‌స్పెక్షన్ వస్తుందని ఒకరోజు సిలిండర్లకు వేలాడుతున్న పీలికలన్నీ కత్తెరతో కత్తిరించి పారేశారు. చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయట.

పద్నాలుగో మంచంలో ఒక టైలరమ్మ ఉండేది. దగ్గు ఆగినప్పుడల్లా నన్ను ఆటపట్టించేది. "ఏం చిటపటా, కాలరు కింద గుండీ ఊడింది. మీ ఆవిడ కుట్టట్లేదా, అలిగిందా? ఇలా తే, నేను కుట్టిస్తా." ఆక్సిజన్ గొట్టం ముక్కులో పెట్టుకునే కుట్టింది. ఆ గుండీ ఇప్పటికీ ఉంది, మిగతావన్నీ ఊడిపోయాయి.

ఒకరోజు పొద్దున వరండాలో సిలిండర్ల వరస చూశాను. ఐదున్నాయి. చివరిది షెడ్డు నుంచి వచ్చిన వాటిలో లేదని నాకు అనుమానం వచ్చింది. ముందురోజు ఖాళీ అయినదానికి గుర్తుగా నేను గీరిన గీతలాంటిది దాని మెడ మీద ఉంది. మీటరు పెట్టి చూస్తే రెండు నిమిషాలు. ఎవడి డ్యూటీనో వాడే చూసుకుంటాడులే అనుకున్నాను. పీలికలు కత్తిరించినవాళ్లే అనుభవిస్తారులే అని కూడా అనుకున్నాను. ఇది రాయకుండా తప్పించుకోవచ్చు. రాస్తున్నాను.

మధ్యాహ్నం మూడింటికి టైలరమ్మకు సిలిండరు మార్చారు. మార్చింది కొత్తమ్మాయి. ముల్లు లేవలేదు. వరండాలో మిగతా నాలుగూ వాడేశారు, పక్క మంచాలవి అప్పటికే అడుగంటాయి. నేను షెడ్డుకు పరిగెత్తాను. లిఫ్టు అంతస్తుల మధ్య ఇరుక్కుంది. సిలిండర్ని మెట్ల మీద ఈడ్చుకుంటూ పైకొచ్చేసరికి పదకొండు నిమిషాలు. అప్పటికి డాక్టరు టైలరమ్మ చేతిని దుప్పటి కింద పెడుతున్నాడు.

కాగితం మీద రోగం ముదిరి పోయిందని రాశారు. కొత్త హెడ్ సిస్టరు అందర్నీ నిలబెట్టి అడిగింది.

"ఎవరు? ఎవరు పెట్టారక్కడ ఖాళీది?"

ఎవరూ కాదు. నేను కాదు, నేను కాదు, నేను కాదు. నా వంతు వచ్చింది. నేనూ కాదనే అన్నాను.

కొత్తమ్మాయి సిలిండరు విప్పే తాళం చేత్తో పట్టుకుని ఆ మంచం పక్కనే నిలబడి ఉంది. ఎవరో ఆమె మోచేతికి తగిలి మందుల ట్రే పట్టుకుపోయారు. ఆమె కదల్లేదు. నేను వెళ్లి తాళం ఆమె చేతిలోంచి తీసుకున్నాను. వేళ్లు విడదియ్యాల్సి వచ్చింది.

"పోమ్మా. పది నిమిషాలు దుప్పట్ల గదిలో కూచో."

"నా మంచాలు..." అంది.

నీ మంచాలు నేను చూస్తా అనడానికి నేనెవర్ని? సూది వెయ్యగలనా, సెలైన్ పెట్టగలనా? ఆమెను లోపల మూటల మీద కూర్చోబెట్టి, బయట తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. ఎనిమిదో నిమిషంలో నవ్వుల సిస్టరు వచ్చింది. "ఏదీ ఆ పిల్ల? పన్నెండో మంచం పిలుస్తోంది" అంది. నేను పక్కకు జరగలేదు. ఆవిడ నన్నూ తలుపునూ చూసింది. "సర్లే, నేను చూస్తా" అని వెళ్లిపోయింది.

మర్నాడు చాకిరేవుకు వెళ్లాను. ఆవిరికి గోడల సున్నం పొరలు పొరలుగా లేచిపోతోంది. పెద్దక్క దుప్పట్లు లెక్కపెడుతోంది. సన్నబడింది. చేతులు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడ్డాయి.

"అక్కా, మేనేజరుకు చెప్పింది..."

"కమిటీలో నువ్వు చెప్పకముందే తెలుసు. దించేటప్పుడు నీ చేతులు చూశాను."

"క్షమించక్కా."

"ఆ చివర పట్టుకో" అంది.

దుప్పటి. రెండు చివరలు నావి, రెండు ఆవిడవి. దగ్గరికొచ్చి మడత, దూరం జరిగి మడత. పది మడతపెట్టాం. క్షమించానని ఆవిడ అనలేదు. ఇవాళ్టికీ అనలేదు. పదకొండోది అందుకుంటూ అడిగింది, "పద్నాలుగో మంచం సంగతి విన్నాను. ఎలా జరిగింది?"

ఎవరు అని కాదు. నేను మొత్తం చెప్పాను. పొద్దున వరండాలో చూసింది, చూసి అనుకున్నది, అన్నీ. చెబుతుంటే నా చేతిలో దుప్పటి చివర తడిసింది. అది ఆవిరి కాదు.

"రాయి" అంది.

"ఎవరికివ్వను? పెట్టె లేదు, పుస్తకం లేదు."

"ముందు రాయి."

"నా రాత..."

"ఈసారి తిరగరాయడానికి నేను లేను. అందరికీ అర్థమయ్యేలా నువ్వే రాసుకో." అని మళ్లీ లెక్కలో పడింది. "నలభై ఒకటి, నలభై రెండు..."

రాయడానికి నెల పట్టింది. చీటీ అనుకుని మొదలుపెడితే ఇంత అయింది. మా ఆవిడ రెండుసార్లు చదివి, "ఇది ఇచ్చారంటే మీ ఉద్యోగం ఉండదు" అంది. మూడోసారి చదివి, నా చొక్కాకు ఊడిన గుండీలన్నీ కుట్టింది, టైలరమ్మ కుట్టిన దాన్ని మాత్రం ముట్టుకోలేదు. రేపు ఒక కాపీ మేనేజరుకు, ఒకటి కళ్లజోడు మేడంకు, ఒకటి టైలరమ్మ ఇంటివాళ్లకు ఇస్తున్నాను.

ముప్పై ఎనిమిది. ఖాళీ సిలిండరు నిండువాటి వరసలో ఉందని అనుమానం వచ్చి కూడా నేను చూడలేదు. మనిషి పోయింది. అడిగినప్పుడు నేను కాదన్నాను.

రేపు ఇలా జరక్కుండా ఏం చేద్దాం? మీటరు చూసి గాజుగుడ్డ పీలికలు మళ్లీ కడుతున్నాను. ఆదివారం నాకు సెలవు. సోమవారం వచ్చి చూస్తే అన్నీ కత్తిరించి ఉంటున్నాయి. మళ్లీ కడుతున్నాను.